పెద్దగట్టు దారిలో ఒక గ్రుక్కెడు మంచినీరు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిపై సూర్యాపేట దాటిన కొలదిసేపటికే చివ్వెంల మండలములోని దురాజుపల్లి వచ్చును. 2016 వరకు ఈ సీమ నల్లగొండ జిల్లాలోనిది. పిమ్మట సూర్యాపేట జిల్లాలో చేరినది. ఇచ్చటి పెద్దగట్టుపై లింగమంతులస్వామియు, చౌడమ్మ తల్లియు పూజ లందుకొనుచున్నారు. రెండేండ్ల కొకమారు మాఘమాసమున ఐదు దినములు జరుగు జాతరకు, ముఖ్యముగా యాదవులు, "ఓ లింగా" యని యెలుగెత్తి పిలుచుచు లక్షలుగా వత్తురు. 2025 ఫిబ్రవరిలోను ఈ యుత్సవము జరిగినది.

ఇంత జనములో ఒకరినొక రెఱిగినవా రెందరు? చంకను బిడ్డ, తలపై బోనము, చేత మూట గల తల్లికి కావలసినది కానుక కాదు. కొంచెము త్రోవ, కూర్చుండుటకు గజము నీడ, త్రాగుటకు మంచినీరు, "ఏ యూరమ్మా?" యను పలుకు. ఇవి యిచ్చుటకు సిరిసంపదలు అక్కరలేదు.

తెలియనివారికి తలుపు తీయుట క్షేమమా యని మీ రడుగవచ్చును. నిజమే, ఒంటరిగా నున్న యిల్లాలికి జాగరూకత తగినదే. కాని జాగ్రత్త వేఱు, ఈసడింపు వేఱు. గడియ తీయకయే కిటికీనుండి దారి చెప్పవచ్చును. అరుగుపై నీళ్లకడవ నుంచవచ్చును. వేసవిలో చలివేంద్రము పెట్టుట మన పెద్దలు నేర్పిన ధర్మమే కదా!

అయితే ఆ ధర్మములో ఒక కొఱత యుండెడిది. కులమడిగి, కొందఱికి చెంబు చేతి కీయక పైనుండి దోసిట పోయువారు. దప్పిక తీరినను మనసు గాయపడెడిది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును నిషేధించినది. చట్టము వీధిలో కాపాడును. మన గడపలో కాపాడవలసినది మనమే. ఇంటిలోని పాత్రలు, వానిని వాడు పద్ధతులు మన చేతిలోనివే. పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టు యింట పిల్లలకు దయను గూర్చి యెన్ని కథలు చెప్పిన నేమి? వారు నేర్చునది కథను కాదు, గ్లాసును.

చివ్వెంలకు చేరువనే యున్న పిల్లలమఱ్ఱిలో ఎఱకసాని యను ఇల్లాలు 1208లో ఎఱకేశ్వరాలయమును కట్టించినది. అట్టి గుడి కట్టించుట అందఱకు సాధ్యము కాదు. బాటసారికి మన మిచ్చు చెంబును అతని చేతికే యందించుట మాత్రము నేడే, ప్రతి యిల్లాలికిని సాధ్యము.