అంతయు క్షేమమే

నేను విదేశములకు పోయి చదివినవాడను కాను. కొల్లేటి యొడ్డున నొక గ్రామములో పుట్టి, ఆ చుట్టుప్రక్కల బడులలోనే తెలుగు చెప్పి, కడపట ప్రధానోపాధ్యాయుడనై, 2019లో ఉద్యోగవిరమణ చేసితిని. అయినను విదేశవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నాకు కొంత అధికారమున్నదనుకొందును. మా చిన్నమ్మాయి 2017వ సంవత్సరము సెప్టెంబరులో పర్యావరణశాస్త్రము చదువుటకై స్కాట్లండులోని ఎడింబరో నగరమునకు పోయెను. ఆమె అచ్చట నేర్చిన పాఠములలో కొన్నింటిని ఇచ్చట నేనును నేర్వవలసి వచ్చినది.

చదువునకై బ్యాంకులో 25 లక్షల రూపాయలు అప్పు తీసి, ఇంటి దస్తావేజులు అక్కడ నుంచితిమి. చాలనిది నా భవిష్యనిధి నుండి తీసితిని. ప్రయాణమునకు ముందునాడు బడిలో పిల్లల యెదుట ఆమెను నిలిపి ఉపన్యసించితిని. భీమవరమున జన్మించి 1922లో బోస్టను చేరి, హార్వర్డులో పరిశోధన చేసి, శరీరములోని భాస్వరమును కొలుచు పద్ధతికి తన పేరు నిలుపుకొన్న యల్లాప్రగడ సుబ్బారావుగారిని గూర్చి చెప్పితిని. అట్టి మహనీయుడు ఆ పరదేశములో ఆసుపత్రియందు రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసికొనెనన్న సంగతి మాత్రము ఆనాడు నా నోట రాలేదు. వీడ్కోలు సభలలో అట్టివి చెప్పుట మనకు అలవాటు లేదు.

విమానమువారు 30 కిలోల సామానునకే సమ్మతించిరి. వీధి చివరి కిరాణా కొట్టు నుండి కాటా తెప్పించి పెట్టెను తూచితిమి. నేనందులో నొక పెద్ద నిఘంటువును పెట్టితిని. మా యింటావిడ దానిని తీసివేసి, ఆ చోట చిన్న ప్రెషరు కుక్కరును, కందిపొడి పొట్లములను సర్దెను. నాకు కోపము వచ్చినది. వాదములో నేను నెగ్గలేదు. నెగ్గకపోవుటయే మేలైనదని డిసెంబరునాటికి తెలిసినది.

ప్రతి ఆదివారమును సెల్‌ఫోనులో ముఖములు చూచుకొనుచు మాటలాడెడివారము. "ఎట్లున్నావమ్మా?" అని నేనడిగెడివాడను. "అంతయు క్షేమమే, నాన్నగారూ. మీరెట్లున్నారు?" అని యామె. "మాకేమి, అంతయు క్షేమమే" అని మేము. తక్కినవన్నియు వింతలు. ఆ దేశమున విద్యార్థులు ఆచార్యులను పేరుపెట్టి పిలుతురట. అక్టోబరు చివరి ఆదివారమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురట. అందుచే మనకును వారికిని నాలుగున్నర గంటలుగా నున్న యంతరము ఐదున్నర గంటలైనది. నవంబరు నడుమ సాయంకాలము నాలుగింటికే ప్రొద్దు గ్రుంకునట. ఆనాడు పౌనుకు ఎనుబదికి పైగా రూపాయలు. ఒక కప్పు కాఫీ వెలను రూపాయలలోనికి మార్చి చూచుకొని, త్రాగకయే తిరిగివచ్చితినని యామె చెప్పి నవ్వినది. మేమును నవ్వితిమి. ఆ నవ్వులో నేమున్నదో నేను కనిపెట్టలేదు.

మేమును ఆమెకు సర్వము చెప్పుట లేదు. అక్టోబరు మొదటి వారమున మా యింటావిడ పంపు గట్టు కడ జారిపడగా కుడిమణికట్టు ఎముక విఱిగినది. ఆరు వారములు పిండికట్టు. పిల్ల బెంగపెట్టుకొనునని, ఫోను వచ్చినప్పుడెల్ల ఆమె ఆ చేతిని పయటచెఱగు క్రింద దాచి, ఎడమచేతితో ఫోను పట్టుకొనెడిది.

నవంబరు రెండవ వారమున, ఆదివారము కాని యొకనాడు, రాత్రి పదకొండున్నర గంటలకు ఫోను మ్రోగినది. "నాన్నగారూ, నేను తిరిగి వచ్చివేసెదను" అని మొదటి మాట. కారణ మడిగితిని. మొదటి వ్యాసమునకు మార్కులు వచ్చినవి. నూటికి 48. ఉత్తీర్ణతకు 50 కావలెను. ఎనిమిదవ తరగతి మొదలు 90కి తగ్గని పిల్ల. ఆచార్యుడు చెప్పిన విషయములను, ఆయన వ్రాసిన పత్రములలోని విషయములను ఒక్కటియు విడువక వ్రాసినది. ఆయన అంచున నొక ప్రశ్న వ్రాసెనట: నేను చెప్పినది నాకే చెప్పితివి, నీవు చూచినదేమి, నీవనుకొనునదేమి అని.

"నన్నెవ్వరు ఎప్పుడును అట్లడుగలేదు, నాన్నగారూ" అనెను. కొంత తడవు ఊరకుండి, మరల, "కాలువ గట్టు వ్యాసము మీకు జ్ఞాపకమున్నదా?" అనెను.

ఉన్నది. ఆమె ఎనిమిదవ తరగతి నా యొద్దనే చదివినది. ఒకనాడు వర్షకాలమును గూర్చి వ్యాసము వ్రాయుడంటిని. తక్కినవారెల్లరు నేను చెప్పించిన రీతిగానే, మబ్బులు, నెమళ్ళు, రైతుల సంతోషము వ్రాసిరి. ఒక బాలుడు మాత్రము తమ యింటి వెనుక కాలువ గట్టు తెగిన రాత్రిని, గేదెను విప్పుటకు తన తండ్రి నడుములోతు నీటిలో పోవుటను వ్రాసెను. వర్షకాలమును వర్ణింపుమన్న నీ గేదె గొడవ యెందులకని, ఎఱ్ఱసిరాతో ఆ పుటను అడ్డముగా కొట్టి, పదింటికి మూడు మార్కులు వేసి, తరగతిలో చదివి వినిపించి నవ్వించితిని. ఆనాడు మొదటి బల్లపై కూర్చుండి మా అమ్మాయి చూచుచుండెను. చూచి, ఏది వ్రాయరాదో నేర్చుకొనెను.

నాకు మాట రాలేదు. తుదకు, "అమ్మా, ఆ 48 మార్కులలో నా పాలు కలదు. నీవు వచ్చెదనన్న రమ్ము. ఇల్లు అమ్మియైనను అప్పు తీర్చుకొందము" అంటిని. ఆ మాట యనునప్పుడు నా గొంతు నిలువలేదు. ఇంతలో మా యింటావిడ లేచి వచ్చి, ఫోను తన వైపునకు త్రిప్పి, పిండికట్టు చేతిని తిన్నగా చూపెను. "నేనును నీకు అబద్ధము చెప్పితినమ్మా" అనెను. ఆవలి ప్రక్క ఏడ్పు వినబడినది. కొంతసేపటికి, "అమ్మా, నేను రెండు నెలలుగా చలికోటు తొడిగికొనియే పరుండుచున్నాను" అన్న మాట వినవచ్చెను.

గదిలో గోడకానుకొని హీటరున్నదట. దానిని ఎట్లు త్రిప్పవలెనో తెలియదు. త్రిప్పినచో బిల్లు ఎంత వచ్చునోయని భయము. ప్రక్క గదివారి నడుగుటకు సిగ్గు.

నాకప్పుడు రామానుజన్‌గారి కథ జ్ఞప్తికి వచ్చినది. ఆ గణితవేత్త 1914లో కేంబ్రిడ్జి చేరిన క్రొత్తలో చలికి ఓవరుకోటు తొడిగి, శాలువ కప్పుకొని పడుకొనెడివాడట. ఆయనను చూడవచ్చిన మిత్రుడు మహలనోబిస్ పడకను పరీక్షించి చూడగా, దుప్పట్లు కావలసినన్ని యున్నవి. అవి పఱుపు అంచుల క్రిందికి మడిచియుండుటచే, వానిని తొలగించి లోపలికి దూరవలెనని ఆయనకు తెలియదు. అంతటి మేధావి దుప్పట్లపైననే పడుకొని వణకెను. ఈ కథ చెప్పగా మా అమ్మాయి ఏడ్పు నడుమనే నవ్వినది. క్రిస్మసు సెలవుల వఱకు చూచెదనని ఫోను పెట్టివేసెను. ఆ రాత్రియే ప్రక్క గది తలుపు తట్టెనట. అందున్న గ్రీసు దేశపు పిల్ల వచ్చి మీట త్రిప్పినది. దాని ఖర్చు అద్దెలోనే చేరియున్నది!

ఆ పిమ్మట ఆమె చెప్పిన మాటలు వేఱు. వానిలో కష్టములును ఉండెడివి. డిసెంబరులో నొకనాడు పప్పునకు పోపు పెట్టుచుండగా, ఎండుమిరపకాయల పొగకు పైకప్పునందలి పొగగంట మ్రోగి, భవనములోనివారెల్లరు చెప్పులతోనే చలిలో వీధిని నిలువవలసి వచ్చినది. అగ్నిమాపక శకటము వచ్చినది. తన్ను గెంటివేయుదురనియే యామె అనుకొనెను. వచ్చినవారు వంటయిల్లు చూచి, ఇకమీద కిటికీ తెఱచి వండుమని చెప్పి పోయిరి. ఆనాటి నుండి తోటి పిల్లలు ఆ వంట యేమో రుచి చూచెదమని కూడిరి. ఒకతె రొట్టెపై వెన్న రాసి, దానిపై కందిపొడి చల్లుకొని తినుచుండెనట. ఇది పాకశాస్త్రమునకు సమ్మతమో కాదో నేనెఱుగను. నా నిఘంటువు పోయియుండిన ఇంతపని చేసెడిది కాదు.

జనవరిలో రెండవ వ్యాసము. చిత్తడినేలలను గూర్చి వ్రాయవలెను. ఆమె కొల్లేటిని ఎన్నుకొనెను. అంతకుమునుపు వ్రాసిన వ్యాసములో దేశదేశముల సరస్సులున్నవి గాని, తాను పుట్టిన యొడ్డు లేదు. కొల్లేరు 1999లో వన్యప్రాణి రక్షణకేంద్రమైనదనియు, 2002లో రాంసారు ఒడంబడిక పట్టికలో చేరినదనియు, 2006లో చేపలచెఱువుల గట్లను ప్రభుత్వము త్రవ్వించివేసెననియు కాగితములలో దొఱకును. ఆ చెఱువులు రాక మునుపు నీరెట్లుండెనో, ఉప్పుటేటి నుండి ఉప్పునీరు ఎగదన్నినప్పుడు ఏ చేప తగ్గినదో, గట్లు పోయిన యేడు ఇండ్లలో నేమి వండుకొనిరో, అది ముసలివారి నడిగి వ్రాసి పంపుమని నన్ను కోరినది.

ఒక ఆదివారమున పుస్తకము, కలము పట్టుకొని ఒడ్డునకు పోయితిని. అచ్చట వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుడు నన్ను చూచి లేచి నమస్కరించెను. ఆయన మనుమలిద్దఱు నా బడిలోనే చదివిరి. వచ్చిన పని చెప్పితిని. ఆయన నన్నును, నా చేతి పుస్తకమును కొంతసేపు చూచి, "మాస్టారూ, ఇన్నేళ్ళూ మీరీ ఒడ్డునే ఉన్నారు గదా! ఒక్కనాడైనా మమ్మల్ని ఇది అడగలేదేమండీ?" అనెను.

నేను పడవ అంచున కూర్చుండి పుస్తకము తెఱచితిని. ఆయన మొదటి నుండి చెప్పసాగెను.