ఈ ఒక్క రాత్రికి



జూన్‌లో బుధవారం కూడికకు ముందు మన మందిరం దగ్గర జరిగింది మీలో చాలామందికి తెలుసు. అందులో మీకు తెలియని సంగతి ఒకటి ఉంది. అది చెప్పాల్సింది నేనే.

ఆ సాయంత్రం వాన దంచింది. చూరుకు ఉన్న రేకు గట్టర్‌లో వేపాకులు అడ్డుపడి, నీళ్లు పొంగి గోడ మీంచి లోపలికి దిగుతున్నాయి. యవ్వనస్థుల్లో ఒక తమ్ముడు నిచ్చెన వేసుకొని ఎక్కాడు. ఆకులు తీయబోయి వేళ్ల వెనుక భాగం గట్టర్‌కు తగలగానే షాక్ కొట్టింది. ఇసుక కుప్ప మీద పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. దేవునికి స్తోత్రం. గట్టర్‌ను గుప్పిట్లో పట్టుకొని ఉంటే చెయ్యి బిగుసుకుపోయేదని, వదిలించుకోలేకపోయేవాడని తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పాడు.

మర్నాడు ఆ పిల్లవాడి తల్లి వచ్చింది. "అయ్యగారూ, కరెంటు లీకైతే ఆపే డబ్బా పెట్టించినం గదా, మేము కూడా పైసలిచ్చినం. మరి అదెందుకు ఆపలే?" అని అడిగింది.

"దాన్ని నేనే తప్పించానమ్మా" అన్నాను.

పోయిన క్రిస్మస్ రాత్రి మంచు బాగా కురిసింది. సీరియల్ బల్బులు వేసిన ప్రతిసారీ ఆ డబ్బా, అంటే ఆర్‌సీసీబీ, టక్కున పడిపోయేది. పాటలు ఆగిపోతున్నాయి, పక్క ఊళ్లవాళ్లు కూర్చొని ఉన్నారు. వైరింగ్ తెలిసిన ఒక తమ్ముడు వద్దన్నా వినకుండా, ఈ ఒక్క రాత్రికి డైరెక్టుగా కలిపెయ్యమన్నాను. ఆ ఒక్క రాత్రి ఆరు నెలలు నడిచింది. ఆ డబ్బా చెడిపోయిందని మనసుకు చెప్పుకున్నాను. నిజానికి ఆ రోజు సరిగ్గా పనిచేసింది అదొక్కటే.

దాని పని చాలా సులువు. వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తోందా లేదా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, లైను తెంపేస్తుంది. మామూలు ఎంసీబీ అలా కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ లోడు ఎక్కువైతేనో, షార్టు అయితేనో పడుతుంది గానీ, మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటును పట్టించుకోదు. 10 వాట్ల బల్బు వెలగడానికి కావలసినంత కరెంటు గుండె మీదుగా పోతే చాలు, ప్రాణం పోవచ్చు. బోర్డులో ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇక ఆ వైరు సంగతి. చూరు వెంట పోయి సిలువ దగ్గరి లైటుకు, బయటి ట్యూబులైట్లకు కరెంటు ఇచ్చే ఆ వైరును 2011లో వేయించాం. పైపు లేకుండా రేకుల మీదే పరిచాం. ఓరుగల్లు ఎండలకు పైతొడుగు పెళుసెక్కింది. 2023 జూలైలో ములుగు దగ్గర లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడిన ఆ వారం మన రేకులు కూడా లేచాయి. రేకులు బిగించాం గానీ వాటి కింద నలిగిన వైరును ఎవరూ చూడలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ఒక అతుకు, దాని మీద నల్ల టేపు. ఎండకు టేపు జిగురు ఎండిపోతుంది, వానకు నీళ్లు లోపలికి పోతాయి. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, వైరు రెండు చివరలూ విప్పి, మెగ్గర్‌తో 500 వోల్టులు పెట్టి చూశాడు. కనీసం 1 మెగోమ్ అయినా చూపించాలట. ముల్లు సున్నా దగ్గరే ఊగింది.

"ఒకచోట తెగితే అతుకు వెయ్యొచ్చు అయ్యగారూ. వంచితే పొట్టు పగులుతోంది, అది కూడా నాలుగుచోట్ల. ఇక అతుకు వేసినా ఐదోచోట పోతుంది" అన్నాడు.

మినెసోటాలో ఉంటున్న మన సంఘపు అన్నకు ఫోనులో ఈ సంగతి చెబితే, వాళ్లింటి కప్పు మీద కూడా అచ్చం ఇదే కథ అన్నాడు. అక్కడ చూరు మీద, గట్టర్‌లో వేడి పుట్టించే కేబుల్ పరుస్తారట. ఇంటి వేడికి కప్పు మీది మంచు కరిగి, నీళ్లు చల్లటి చూరు దాకా వచ్చి మళ్లీ గడ్డకట్టి కట్టలా నిలుస్తాయి. వెనకొచ్చే నీళ్లకు దారి లేక ఇంట్లోకి కారుతుంది. కేబుల్ కప్పునంతా వేడిచేయదు, నీళ్లు పోవడానికి ఒక దారి మాత్రం తెరుస్తుంది. వాళ్లింట్లో సగం మేర మంచు కరిగేది, మిగతా సగం రాయిలా ఉండేది. అక్కడా ట్రిప్ అయ్యేది. పైన తెగినట్టు కనబడకపోయినా, చలిని బట్టి వేడి పెంచుకునే రకం కేబుళ్లలో రెండు తీగల మధ్యనున్న నల్ల పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుందట. చివరికి మొత్తం మార్పించాడు. "మంచు పడ్డాక కప్పు ఎక్కలేము అయ్యగారూ, అక్టోబర్‌లోనే పరీక్ష చేయించాలి" అన్నాడు. వాళ్ల అక్టోబర్ మనకు మే నెల. మే నెలంతా నేను సభలకు తిరిగాను.

2 రాజులు 12వ అధ్యాయం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో మీకు తెలుసు. యెహోయాదా పెట్టెకు బెజ్జం చేసిన సంగతి, కానుకల సంగతి. ఈసారి చదువుతుంటే పెట్టె దగ్గర ఆగలేకపోయాను. యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా మందిరంలో శిథిలమైన చోట్లను బాగుచేయనిది యాజకులే. డబ్బు లేక కాదు, డబ్బు వాళ్ల చేతికే వస్తోంది. ఆ అధ్యాయంలో ఇన్నేళ్లూ నన్ను నేను యెహోయాదా పక్కన నిలబెట్టుకున్నాను. ద్వితీయోపదేశకాండము 22:8 కూడా చదవండి. కప్పుకు పిట్టగోడ కట్టకపోతే, దాని మీదినుంచి పడినవాడి రక్తం ఆ ఇంటి మీదికి వస్తుందని దేవుడు ముందే హెచ్చరించాడు.

పాత వైరంతా తీసేశాం. ఐఎస్ఐ మార్కున్న రాగి వైరు పైపులో వేశాం, రేకులకూ గట్టర్‌కూ ఎర్తింగ్ ఇచ్చాం, ఆర్‌సీసీబీని మళ్లీ కలిపాం. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధనకు ముందు దాని టెస్ట్ బటన్ నొక్కే పని ఆ తల్లికే అప్పగించాం. నొక్కగానే ఫ్యాన్లు ఆగుతాయి, కంగారు పడకండి. ఆగకపోతేనే కంగారు పడాలి.

మీ ఇళ్లలో కూడా రేకుల మీద, దండెం తీగల పక్కన పోయే వైర్లు ఉన్నాయి. మోటారు వైర్లు సరేసరి. మెయిన్ ఆపించి, పని తెలిసిన మనిషితో చూపించండి. మీరు ఎక్కకండి.

బిల్లులన్నీ మందిరం నోటీసు బోర్డు మీద అంటించాం. యోవాషు కాలంలో ఆ పనివారు నమ్మకస్థులని వాళ్లను లెక్క అడగలేదట. నన్ను మాత్రం అడగండి.