బెర్లిన్‌లో సీసాల మ్యూజియం

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి ఆవరణలో డాక్టర్ రుడాల్ఫ్ విర్ఖో 1899లో తెరిచిన మ్యూజియం ఉంది. "గుండె దిటవు చేసుకుని రా అమ్మా" అంది మా అమ్మాయి. బీరువాల నిండా సీసాలు, వాటిలో రోగాలు తినేసిన మనిషి అవయవాలు. ఆయన ఇరవై వేలకు పైగా పోగుచేస్తే, యుద్ధంలో బాంబులకు పోయినవి పోగా రెండు వేలైనా మిగల్లేదట!

కణితుల్లో తెల్ల రక్తకణాలు గుమిగూడడం సూక్ష్మదర్శినిలో చూసి, మానని పుండూ వాపూ ఉన్నచోటే క్యాన్సర్ పుడుతుందని విర్ఖో 1863లో అన్నారు. ఆ మాట చాలాకాలం మూలన పడింది. వాపును రగిలించే ఎన్.ఎఫ్. కప్పా బి అనే ప్రోటీన్ 1986లో దొరికింది. చావవలసిన చెడ్డ కణాన్ని చావనివ్వకుండా కాపాడేదీ అదేనని 2004లో ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. ఇంటి కాపలాదారే దొంగకు అన్నం పెట్టినట్టు!

మా బరంపురం, శ్రీకాకుళం వైపు అడ్డపొగ సంగతి మీకు తెలిసిందే. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగుతారు. మా నాయనమ్మ అంగిలి ఏళ్ళ తరబడి కాలి తెల్లబడింది. "నొప్పి లేదులేవే" అనేది. చివరికి అక్కడి పుండే ఆవిడను తీసుకుపోయింది.

మా పెద్దత్త ఇంకా తాగుతోంది. తిరిగొచ్చిన వారంలోనే ఆవిడను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నోరు తెరిపించడానికే అరగంట పట్టింది.