జానెడు, మూరెడు, గజం

కోతల హడావుడిలో ఉంటారు, ఇది కాస్త పొడుగు పోస్టు. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మన గోదారోళ్ళకి వరద అంకెలు నోటికొచ్చు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది. ఆ అంకె చెవిన పడగానే లంకల్లో వాళ్ళు గేదెల్ని గట్టెక్కిస్తారు. 86 వరద ఎంతెత్తు వచ్చిందో ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపించే పెద్దాళ్ళున్నారు. పైనుంచి వచ్చే నీళ్ళకి మన దగ్గర లెక్కుంది. కింద నుంచి వచ్చే నీళ్ళకే లేదు. సముద్రం సంగతి చెబుతున్నాను.

సముద్రం వరదలా ఒక్క రాత్రిలో వచ్చి పడదు. అమావాస్య, పౌర్ణమి పోట్లకి మొగలోంచి మురుగు కాలవలోకి ఎక్కుతుంది, ఆటుకి దిగిపోతుంది. నీళ్ళు దిగిపోతాయి గానీ ఉప్పు మన చేలో ఉండిపోతుంది. శంకరగుప్తం డ్రెయిను వెంట కొబ్బరిచెట్లు మొవ్వులెండి మోడులై నిలబడ్డాయి. ఉప్పాడలో ఇళ్ళూ రోడ్డూ కోతకు పోతున్నాయి. దీనికి కారణం ఒక్కటే అనను. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది, డెల్టా అంచుకి కొత్త మట్టి చేరడం లేదు. కాలవల్లో పూడిక ఉంది, అవుట్‌ఫాల్ తలుపులు తుప్పు పట్టాయి. వీటన్నిటి మీదా సముద్రం పెరుగుతోంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచం మొత్తం మీద సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల లెక్క. అంటే దాదాపు జానెడు. ఈ శతాబ్దం చివరికి, పొగ బాగా తగ్గిస్తే అటూఇటూగా మూరెడు, బొత్తిగా తగ్గించకపోతే గజం దాకా పెరగొచ్చంటున్నారు.

జానెడు, మూరెడు అని చదివితే ఎవరికీ భయం వెయ్యదు. కంటికి కనబడాలి కదా. ఆ పని కొంతమంది కళాకారులు చేశారు. 2007లో న్యూయార్క్‌లో ఈవ్ మోషర్ అనే ఆవిడ, ఆటల మైదానాల్లో గీతలు వేసే బండి తీసుకుని, సముద్ర మట్టానికి పదడుగుల ఎత్తున వీధుల వెంట సుద్దపొడితో గీత గీసుకుంటూ పోయింది. సుమారు 70 మైళ్ళు! దారిన పోయేవాళ్ళు ఇదేంటమ్మా అని అడిగితే ఆగి చెప్పేది. సుద్ద కొన్నాళ్ళకి చెరిగిపోయింది. 2012 అక్టోబరులో శాండీ తుపానొచ్చి ఆ ఊరి లోతట్టు వీధుల్ని నిజంగానే ముంచేసింది. స్కాట్లాండ్‌లో లాక్‌మ్యాడీ అనే చిన్న రేవు ఊళ్ళో ఇద్దరు ఫిన్లాండ్ కళాకారులు గోడల మీద దీపాల గీతలు పెట్టారు. పోటు వచ్చినప్పుడల్లా అవి వెలిగేవి, రేపు నీళ్ళు ఎంతెత్తుకి రావొచ్చో చూపించేవి.

ఇది మనకి కొత్తదేం కాదు. పొద్దున్న వేసిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుందని తెలిసే మన ఆడవాళ్ళు రోజూ వేస్తారు.

మనూళ్ళోనూ ఓ గీత గీద్దామా అని మా బాబాయితో అన్నాను. "ఒరేయ్ అబ్బాయ్, గీత గీస్తే దాని కింద ఎకరం ఎవడు కొంటాడ్రా? పై ఏడు పిల్ల పెళ్ళి పెట్టుకున్నాను" అన్నాడు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. శివారు రైతుకి ఉన్న ఆస్తల్లా ఆ భూమే. "బాబాయ్, కొనేవాడు ఇప్పుడే బోరు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాక రేటు అడుగుతున్నాడు. వాడికి తెలిసింది మనం దాచి ఏం లాభం?" అన్నాను. మాట్లాడలేదు.

అందుకే గీత చెరిగిపోయేదే కావాలంటాను. ముగ్గుపిండి గీత అడంగల్లోకి ఎక్కదు, పాసుపుస్తకంలోకి ఎక్కదు. ఒక్క వానకి పోతుంది. చూసినోడి కంట్లో మాత్రం ఉండిపోతుంది.

పని కూడా పెద్దదేం కాదు. కార్తీక మాసం ఆ చుట్టుపక్కల మన తీరాన సముద్రం ఏడాదిలోకెల్లా ఎత్తుగా ఉంటుంది. ఆ పౌర్ణమి పోటుకి కాలవలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మేకు కొట్టి గుర్తు పెట్టుకోవాలి. తాపీ మేస్త్రి దగ్గర నీళ్ళ పైపు ఉంటుంది, దాంతో ఆ గుర్తుకి మూరెడు పైన ఒకటి, గజం పైన ఒకటి లెవెలు పట్టుకుంటూ రావాలి. సంక్రాంతికి ముగ్గుపిండి ఎలాగూ తెస్తాం, ఆ లెవెలునే గట్ల మీద, రోడ్డు మీద, గుడి మెట్ల మీద గీత వెయ్యాలి. ఇంజనీర్ల సర్వే అంత కచ్చితంగా ఉండదు, ఉండక్కర్లేదు కూడా.

ఆ తర్వాత గీత కింద ఎన్నెకరాలు, ఎన్నిళ్ళు, ఎన్ని మంచినీళ్ళ బోర్లు ఉన్నాయో లెక్క రాసుకోవాలి. గ్రామసభలో "మా ఊళ్ళోకి ఉప్పొస్తోంది" అంటే విని ఊరుకుంటారు. "ఈ గీత కింద ఇన్నెకరాలు, ఆ తలుపు బాగు చెయ్యండి, మొగ దగ్గర మడచెట్లు కొట్టనివ్వకండి" అంటే జవాబు చెప్పాలి. కొత్తగా ఇల్లు కట్టేవాడికి పునాది ఎంత లేపాలో తెలుస్తుంది. ఉప్పు తట్టుకునే వరి విత్తనం ఏ చేలో చల్లాలో తెలుస్తుంది.

గోదారికి మూడు హెచ్చరికలు పెట్టుకున్నాం. సముద్రానికి కనీసం ఒక్కటైనా ఉండాలి. మీ ఊరి మురుగు కాలవలో పౌర్ణమి పోటు ఎక్కడిదాకా ఎక్కుతోందో ఈసారి చూసి రాయండి. ఫలానా తూము, ఫలానా వంతెన అని గుర్తు చెబితే చాలు.