నూకలు కలపాలంటే

గోదావరి జిల్లాల్లోని లేయర్ కోళ్ల దాణా మిల్లులకి ఫార్ములా లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాయడం నా పని. టన్ను దాణాలో మొక్కజొన్న ఎంత, సోయా చెక్క ఎంత, నూనె తీసిన తవుడు ఎంత, రాతిపొడి ఎంత? ప్రొటీనూ ఎనర్జీ కాల్షియం తగ్గకుండా ఖర్చు తగ్గించాలి. దీనికి లీనియర్ ప్రోగ్రామింగ్‌ని (ఎల్‌పీ) మించిన సాధనం నాకింతవరకు కనబడలేదు.

మిల్లుల నుంచి తరచూ వచ్చే ఫోను ఇదీ: "ఏవండీ, నూకలు చవగ్గా వస్తన్నాయి. వాటినీ లెక్కలో కలిపి చూడండి."

కోడ్‌లో ఇది ఒక్క లైను పని. పైథాన్‌లో పల్ప్ లైబ్రరీ వాడేవాళ్లు పదార్థాల జాబితాలో 'నూకలు' అని రాస్తే వేరియబుల్ తయారైపోతుంది. కానీ పేరు పెట్టినంత మాత్రాన మోడల్‌కి నూకల గురించి ఏమీ తెలియదు. వేరియబుల్ అంటే మ్యాట్రిక్స్‌లో ఒక నిలువు వరస. పైన ధర, కింద ప్రొటీన్, ఎనర్జీ, ఫైబర్, కాల్షియం, భాస్వరం, లైసిన్, మిథియోనిన్, చివర మొత్తం బరువులో దాని వాటా. ఆ వరసలో ఏ గడి ఖాళీగా వదిలినా కంప్యూటరు దాన్ని సున్నాగానే తీసుకుంటుంది.

తవుడు సంగతి చూడండి. నూనె తీసిన తవుడు చవక, ప్రొటీన్ సుమారు 15 శాతం. ఫైబర్ గడి నింపడం మరిచిపోతే లెక్క తేల్చే సాల్వర్ కళ్లకి అంతకన్నా మంచి సరుకు లేదు, టన్నులోకి గుమ్మరించేస్తుంది. పైగా 'ఆప్టిమల్' అనే చెబుతుంది. అందుకే డిక్షనరీలోంచి విలువ తీసేటప్పుడు 'గెట్' వాడి, దొరక్కపోతే సున్నా వేసుకోమనే అలవాటుని మా కుర్రాళ్ల చేత పట్టుబట్టి మాన్పిస్తాను. విలువ లేకపోతే ప్రోగ్రాము కీ ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోవాలి. ఆగితే పోయేది కాసేపు పని. తప్పు ఫార్ములాతో కలిపిన దాణా షెడ్లకి వెళ్లిపోతే, గుడ్లు తగ్గాకే ఆ సంగతి బయటపడుతుంది. అప్పటికి రైతు నష్టపోయి ఉంటాడు.

హద్దుల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. గురోబీ అనే సాల్వర్‌లో కింది హద్దు చెప్పకపోతే సున్నా అనుకుంటుంది. పల్ప్‌లో చెప్పకపోతే కింద హద్దే ఉండదు, వేరియబుల్ ఎంత మైనస్‌లోకైనా వెళ్లొచ్చు. ఖరీదైన సరుకుని మైనస్ కిలోలు వేసి, చవక సరుకుతో బరువు నింపేసే జవాబులు అలాగే వస్తాయి. పై హద్దు మాత్రం మిల్లువాళ్లని, కోళ్ల డాక్టరుని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకో ప్రశ్న ఎప్పుడూ ఎదురవుతుంది: "ఇన్ని పదార్థాలిచ్చాం, ఇన్నే తీసుకుందేంటండీ?" దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1945లో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 77 ఆహార పదార్థాలూ 9 పోషకాలూ పెట్టి, మనిషికి ఏడాదికి అతి తక్కువ ఖర్చులో సరిపోయే తిండి ఎంతవుతుందో లెక్క వేశాడు. అంచనాల మీద 39.93 డాలర్లు తేల్చాడు. 1947లో జార్జ్ డాంట్జిగ్ ఇలాంటి లెక్కలు తేల్చే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక తొమ్మిది మంది గుమాస్తాలు చేత్తో నడిపే కాలిక్యులేటర్ల ముందు కూర్చుని కచ్చితంగా తేలిస్తే 39.69 వచ్చింది. అందులో మిగిలినవి ఐదు పదార్థాలే. సింప్లెక్స్ ఇచ్చే జవాబులో సున్నా కాని పదార్థాలు, విడి హద్దుల్ని పక్కన పెడితే, నిబంధనల (ఇక్కడ తొమ్మిది పోషకాల) సంఖ్యని మించవు. వేరియబుల్స్ ఎన్ని చేర్చినా ఈ సంగతి మారదు.

కొత్త వేరియబుల్ అక్కరకొస్తుందో లేదో అది చేర్చకముందే చెప్పొచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. అర్థం కావడానికి బరువూ ప్రొటీనూ అనే రెండు నిబంధనలే ఉన్నాయనుకుందాం. 9 శాతం ప్రొటీన్ ఉన్న మొక్కజొన్న కిలో 24 రూపాయలు, 45 శాతం ఉన్న సోయా చెక్క 42. ఈ రెంటితో దాణా కలుస్తోందంటే, ఒక్కో శాతం ప్రొటీన్‌కి 50 పైసలు, వట్టి బరువుకి కిలోకి 19.50 రూపాయలు పలుకుతున్నట్టు. ఇవే షాడో ధరలు. పల్ప్‌లో సాల్వ్ అయ్యాక ప్రతి నిబంధన దగ్గరా 'పై' అన్న పేరుతో దొరుకుతాయి. నూకల్లో ప్రొటీన్ 8 శాతమైతే ఈ దాణాలో వాటి విలువ కిలోకి 23.50. మిల్లుకి 22కి వస్తుంటే కిలోకి రూపాయిన్నర కలిసొస్తుంది, చేర్చాలి. 25 చెబితే చేర్చినా సాల్వర్ వాటిని సున్నా దగ్గరే ఉంచుతుంది. ఫోనులో ఉండగానే ఆ మాట చెప్పేయొచ్చు. 1961లో గిల్మోర్, గొమొరీ ఇద్దరూ కాగితం రోళ్లు కోసే లెక్కకి వాడిన కిటుకు కూడా ఇదే: వేరియబుల్స్ లెక్కలేనన్ని ఉన్నప్పుడు అన్నీ ముందే రాయకుండా, షాడో ధరల్ని బట్టి లాభం తెచ్చే వరసనే వెతికి చేర్చుకుంటూ పోవడం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి ఒక్క విన్నపం. వేరియబుల్ చేర్చాక సాల్వ్ చేసే ముందు మోడల్‌ని ఎల్‌పీ ఫైలుగా రాయించి తెరవండి. కొత్త పేరు ఏయే నిబంధనల్లో ఉందో, ఏ అంకెతో ఉందో ల్యాబ్ రిపోర్టు పక్కన పెట్టుకుని చూడండి. ఆ అంకెలు పుస్తకంలోవి కాకుండా, గోడౌన్‌లో దిగిన లోడు శాంపిల్‌వి అయ్యేలా చూసుకోండి.