హైడ్రా బేరం

హైడ్రాని మీరందరూ చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. పసుప్పచ్చ ఒళ్ళు, ముందుకి సాచిన ఇనప తొండం, దాని చివర కొక్కెం, ఆ కొక్కేనికి ఊగుతూ ఒక పైపో ట్రాన్స్‌ఫార్మరో. బరువుని ఎత్తడమే కాదు, ఎత్తిన బరువుతోనే రోడ్డు మీద నడుచుకుంటూ పోతుంది. నిజానికి హైడ్రా అనేది ఒక కంపెనీ మోడల్ పేరు. జిరాక్స్ లాగా ఇప్పుడు ఆ తరహా క్రేన్లన్నీ హైడ్రాలే. మా గాజువాక వైపు కూలీ నుంచి కాంట్రాక్టరు దాకా వేరే పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు.

మా మావయ్య పద్నాలుగేళ్ళు వేరేవాళ్ళ దగ్గర హైడ్రా నడిపాడు. పోయినేడాది సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్ బండి కొందామని దిగాడు. కొత్తది ఆయనకి అందే ధర కాదు. అత్త పేరు మీదున్న స్థలం బ్యాంకులో పెట్టి, చీటీ పాడి, 11 లక్షలు పోగేశాడు. "నువ్వు మెకానికల్ కదరా, కూడా రా" అన్నాడు. బ్యాగులో ఒక వెర్నియర్ కాలిపర్ వేసుకుని బయల్దేరా. దాన్ని చూసి అత్త "బంగారం కొంటున్నార్రా?" అని నవ్వింది.

యార్డులో 14 టన్నుల బండి ఒకటి పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. ఏ కంపెనీదో చెప్పను, మేం చూసిన లోపాల్లో ఒక్కటీ తయారుచేసినవాళ్ళది కాదు. బ్రోకరు గుణగణాలు చెబుతుంటే మావయ్య మాట్లాడకుండా వెళ్ళి ఇంజిన్ బోనెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. "మనం వస్తామని ముందే తిప్పి ఉంచారు. చల్లారాక స్టార్ట్ చేద్దాం, అప్పుడు చూద్దాం పొగ ఏ రంగులో వస్తుందో" అన్నాడు. బ్రోకరు మొహం మాడింది.

చల్లారేలోగా మిగతావి చూశాం. మీటరు 4,200 గంటలు చూపిస్తోంది. బ్రేక్ పెడల్ మీద రబ్బరు అరిగి ఇనుము బయటపడింది, లివర్ల గుబ్బల మీద అచ్చువేసిన గుర్తులు పూర్తిగా చెరిగిపోయాయి. మీటరు మార్చడం ఎవరికైనా వచ్చు. పెడల్ రబ్బరు మార్చాలని మాత్రం ఎవరికీ తోచదట.

తర్వాత తాడు. ఇనప తాడుని మావయ్య గుడ్డముక్కతో పట్టుకుని నెమ్మదిగా జరిపాడు. తెగిన తీగ ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. మూరెడు దూరంలో ఐదుసార్లు చిక్కుకుంది. అప్పుడు నా వెర్నియర్‌కి పని పడింది. ఇనప తాడు పైకి గుండ్రంగా కనిపించినా పేటలు పేటలుగా ఉంటుంది కాబట్టి, ఎదురెదురు పేటల ఎత్తైన చోట్లకి దవడలు ఆనించి కొలవాలి. పల్లంలో పెడితే కొలత తప్పుతుంది. ఇది మనకి క్లాసులో చెప్పారు. ఎక్కడెక్కడ కొలవాలో మాత్రం మావయ్యే చెప్పాడు: కొక్కెం దగ్గర, డ్రమ్ము దగ్గర, పుల్లీ మీద రోజంతా వంగి లేచే చోట. కొత్తలో 14 మి.మీ. ఉండే తాడు అక్కడ 12.3 వచ్చింది. పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే ఇక ఆ తాడుని నమ్మడానికి లేదు.

"తాడేముంది గురూ, కొత్తది వేసేస్తే సరి" అన్నాడు బ్రోకరు. అది నిజమే, తాడు మార్చుకోవచ్చు. బూమ్ చివర లిమిట్ స్విచ్ వైరుని కత్తిరించి రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టారు, అదీ మార్చుకోవచ్చు. కొక్కెం పైకి పోయి బూమ్ తలకి గుద్దుకోకుండా ముందే ఆపేది ఆ స్విచ్చే. అది లేకపోతే గుద్దుకున్నాక కూడా డ్రమ్ము లాగుతూనే ఉంటుంది, తాడు తెగుతుంది. ఊరికే ఆగిపోతోందని విసుగొచ్చి ఆపరేటర్లే ఇలా చేస్తారని మావయ్య గొణిగాడు.

ఇంజిన్ చల్లారాక స్టార్ట్ చేశాం. పొగ కాసేపు నల్లగా వచ్చి సర్దుకుంది, ఫర్వాలేదు. మూడు టన్నుల కాంక్రీటు దిమ్మని జానెడు ఎత్తులో నిలబెట్టి ఇంజిన్ ఆపేశాడు మావయ్య. డ్రమ్ము మీద ఒకటి, బూమ్‌ని లేపే సిలిండర్ రాడ్డు మీద ఒకటి సుద్దగీతలు గీశాడు. "చాయ్ తాగొద్దాం రండి" అన్నాడు బ్రోకరు. "ఇక్కడికే తెప్పించండి" అన్నాడు మావయ్య. పావుగంట దిమ్మ ముందే కూర్చున్నాం. దిమ్మ నాలుగు వేళ్ళ మందం కిందికి దిగింది. డ్రమ్ము మీద గీత కదల్లేదు, అంటే విన్చ్ బ్రేకు బాగానే ఉంది. రాడ్డు మీద గీత లోపలికి పోయింది. అంటే సిలిండర్‌లో సీళ్ళు పోయుండాలి, లేదా ఆయిల్‌ని పట్టి ఉంచే వాల్వు. అది కూడా ఖర్చు పెడితే బాగయ్యేదే. మావయ్య ఇంకా బేరం వదల్లేదు, అరచేతిలో వేలితో లెక్కలు వేసుకుంటున్నాడు.

బూమ్ దగ్గర మాత్రం కథ మారింది. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టుకోమన్నాడు. రెండో పెట్టె కిందిరేకు మీద, కొత్త పెయింటు కింద, సన్నటి గట్టులా ఒక గీత. వెల్డింగు చేసి గ్రైండింగు పట్టారు. బరువు వేలాడుతుంటే బూమ్ పైరేకు సాగుతుంది, కిందిరేకు నొక్కుకుంటుంది. కిందిరేకు నలిగిందంటే ఎప్పుడో తాహతుకు మించి ఎత్తారన్నమాట. అయినా 14 టన్నులు అనేది బూమ్ ముడుచుకుని, బరువు టైర్లకి దగ్గరగా ఉన్నప్పటి మాట. పూర్తిగా సాచి వాలిస్తే అందులో పావువంతు కూడా ఎత్తకూడదు. బండి మీద రాసిన 14 చూసి ఎత్తేవాళ్ళే ఎక్కువ. పైగా బూమ్ రేకు మామూలు ఇనుము కాదు. పద్ధతి తెలియకుండా వెల్డ్ చేస్తే అతుకు పక్కనే ఉక్కు తన గుణం పోగొట్టుకుంటుంది. అది గుడ్డముక్కకీ, వెర్నియర్‌కీ దొరికే జబ్బు కాదు.

బ్రోకరు అప్పుడు ఫైలు తీశాడు. పది రోజుల కిందటి పరీక్ష సర్టిఫికెట్. ఛాసిస్ నంబరు సరిగ్గా సరిపోయింది. తాడు బాగుంది, లిమిట్ స్విచ్ పనిచేస్తోంది, బూమ్‌లో లోపం లేదు అని రాసి, కింద స్టాంపు, ఒక ఇంజినీరు సంతకం. పది రోజుల్లో తాడు అలా అరగదు. ఆ సంతకం పెట్టినాయన ఈ బండిని చూడనైనా చూడలేదు. క్రేన్‌ని అర్హత ఉన్న మనిషి ఏడాదికి ఒక్కసారైనా క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్లో రాశారు. ఆ 'అర్హత ఉన్న మనిషి' మన డిగ్రీ చదివినవాడే. నాలుగేళ్ళు మనతో ల్యాబ్ రికార్డులు కాపీ కొట్టిన ఎవడో ఒకడు.

2020 ఆగస్టు 1న మా విశాఖలో, హిందుస్థాన్ షిప్‌యార్డులో, 70 టన్నుల క్రేన్‌ని పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. ఆ రాత్రి మావయ్య అన్నం ముట్టలేదని అత్త ఇప్పటికీ చెబుతుంది.

లక్షన్నర తగ్గిస్తానన్నాడు బ్రోకరు. "అన్ని బండ్లూ ఇంతే గురూ, నడవట్లేదా?" అన్నాడు. మావయ్య బూమ్ కిందికి వేలు చూపించి, "అక్కడ తాడు పట్టుకుని నడిచేది మా కలాసీ. ఆడికేటి చెప్పమంటావ్?" అన్నాడు. పాత తరహా హైడ్రాలో ఆపరేటరుకి ఎదురుగా బూమే అడ్డం. ముందు నడిచే కలాసీ చాలాసార్లు కనపడడు కూడా.

ఆ బండి వారంలో అమ్ముడుపోయింది.

రెండు నెలలకి విజయవాడ ఆటోనగర్‌లో మావయ్యకి ఇంకోటి దొరికింది. పెయింటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది, బూమ్ శుభ్రంగా ఉంది. ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌వోసీ చేతికొచ్చాకే డబ్బిచ్చాడు. ముందు తాడు, కొక్కెం లాచి, లిమిట్ స్విచ్ కొత్తవి వేయించాడు. క్యాబిన్‌లో లోడ్ చార్టు ఇంగ్లీషులో ఉంది, దాన్ని తెలుగులో రాసిమ్మని నన్నడిగాడు. 'రేడియస్'కి ఏం రాయాలన్నదాని మీద ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. 'వ్యాసార్ధం' అన్నాను నేను. అదేటని కలాసీ అడిగితే తను చెప్పలేనన్నాడు ఆయన. చివరికి పైగడిలో 'బండి నుంచి ఎంత దూరం', పక్కగడిలో 'ఎంత బరువు' అని ఎర్ర మార్కర్‌తో రాసి, లామినేషన్ చేయించి అద్దం పక్కన అంటించాం.