బరువు పడ్డాకే బిగింపు

కారున్న ఇల్లాలికేం, మహారాణి అంటారు. ఆ కారు పాత అంబాసిడరై, ఊరు బోథ్ అయితే ఆ రాణీవాసం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది!

అది 1988 వానాకాలం. మా అత్తమ్మ నడుంనొప్పికి వైద్యం ఆదిలాబాద్‌లో. వారానికోసారి ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా వెళ్ళిరావాలి. నల్లరేగడి నేల, వానలకు దారి నిండా గుంతలు. గుంత వచ్చినప్పుడల్లా వెనక చక్రం దగ్గర ‘టక్’మనేది, లోపల అత్తమ్మ ‘అమ్మా’ అనేది. చివరికి ఆవిడ, “నొప్పితోనన్న ఉంట గని, గీ బండిల మాత్రం ఎక్క బిడ్డా” అనేసింది. వైద్యం మధ్యలో ఆగితే ఎలా?

ఆదివారంనాడు మావారూ, మరిదీ పెరట్లోనే పని పెట్టుకున్నారు. కారు కింద చీకటి గనక టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం నాకిచ్చారు. ఇలాంటిచోట ఆడవాళ్ళకి అంతకంటే పెద్ద పదవి ఎవరిస్తారు చెప్పండి? కానీ టార్చి పట్టుకున్నవాళ్ళకే అన్నీ కనిపిస్తాయి!

అంబాసిడర్ వెనక బరువంతా కమాన్ పట్టీల మీదే. ఉర్దూలో కమాన్ అంటే విల్లు. చక్రం ఎగిరిపడినప్పుడు ఈ విల్లు చదునై కాస్త పొడవు సాగుతుంది. అందుకే దాని వెనక కొసను ఊగే ఇనుప బద్దకు తగిలిస్తారు. ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మధ్యలో చిన్న రబ్బరు బుష్‌లుంటాయి. అవి అరిగితేనే ఆ టకటకలు.

ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, కారు వెనక భాగం జాకీతో లేపారు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఛాసీ కింద టేకు మొద్దులు పెట్టారు. తుప్పుపట్టిన నట్లు కిరసనాయిలు తాగితేగాని కదల్లేదు. కొత్త బుష్‌లకు మరిది గ్రీజు రాయబోతే మావారు ఆపారు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుందట. నా సబ్బునీళ్ళే పనికొచ్చాయి. ఒకవైపే మోగుతున్నా రెండువైపులా మార్చారు.

ఇక బిగించెయ్యడమే అనుకున్నాను. మావారు నట్లు సగమే తిప్పి, కారును కిందికి దించారు.

“గాల్ల ఉండంగ బిగిస్తే, బరువు పడంగనే రబ్బరు మెలిపడి తొందరగ చీలుతది. నేలమీద నిలబడ్డంక బిగించాలె” అని తమ్ముడికి చెప్పారు.

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. మన ఇళ్ళల్లో చూడండి. కొత్తకోడలు గడప దాటిందో లేదో, లేచే వేళ, వండే కూర, పుట్టింటికి వెళ్ళే తేదీ అన్నీ బిగించేస్తాం. పాపం, ఆ పిల్ల కాళ్ళింకా నేలకు ఆననే లేదు! తర్వాత ఇంటి బరువు మీద పడ్డప్పుడు ఎక్కడో చీలుతుంది. తప్పు మాత్రం రబ్బరుదే అంటాం.

మరుసటి వారం అత్తమ్మ కారెక్కింది. గుంతలు తగ్గలేదుగాని, ‘టక్’ పోయింది. అరిగిన ముక్క చూపిస్తే, “గింతదానికా గంత లొల్లి?” అని నవ్వింది.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. మా కారు అంతకు ముందే వెళ్ళిపోయింది. మా ఇంటికి కోడలొచ్చినప్పుడు మాత్రం నేను నట్లు సగమే తిప్పాను. మిగతా సగం ఆ పిల్లే బిగించుకుంది, తన చేత్తో, తనకు కుదిరినట్టు.